ఆగు మామయ్య మణికట్టు

ఆ మంగళవారం ఉదయం తొమ్మిదింపావుకి నాలుగు రోడ్ల కూడలిలో ఒక నీళ్ల ట్యాంకరు, ఒక స్కూలు బస్సు, పరుపులు వేసుకొచ్చిన ఒక మినీ లారీ ముక్కూ ముక్కూ ఆనించుకుని ఆగిపోయాయి. వాటి వెనక ఆటోలు, ఆటోల వెనక స్కూటర్లు. నడిచి వెళ్లేవాళ్లు కూడా ఎందుకో ఆగిపోయారు. మధ్యలో గుండ్రటి దిమ్మ మీద నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబులు నోట్లోంచి ఈల తీసి ట్యాంకరు డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు.

"ఆగమంటే వస్తావేంటయ్యా? కళ్లు కనిపించట్లేదా?"

"కనిపించబట్టే వచ్చాను సార్. మీరే కదా రమ్మన్నారు!"

"నేనా? రమ్మన్నానా?"

"ఇదిగో, ఇలా అన్నారు," అని డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూపించాడు. చెయ్యి పైకి లేచింది గానీ మణికట్టు దగ్గర ఆకుకూర కాడలా వాలిపోయింది. వేళ్లు నేలకేసి ఊగుతున్నాయి. "ఇది ఆగమనడమా సార్? మా ఇంట్లో చంటిదాన్ని దగ్గరికి పిలవాలంటే ఇలాగే పిలుస్తాం."

కానిస్టేబులు తన కుడిచేతి వంక చూసుకున్నాడు. అది ఇంకా గాల్లోనే ఉంది. నిజంగానే ట్యాంకరుని ఆప్యాయంగా పిలుస్తోంది.

ఇదంతా స్కూలు బస్సులో మూడో సీట్లో కిటికీ పక్కన కూర్చున్న లెక్కల టీచరు చూసింది. ఆ కానిస్టేబులు ఆమె భర్త. బస్సులో పిల్లలంతా "ఆగు మామయ్య రమ్మంటున్నాడోయ్!" అని కిటికీలకు వేలాడి కేరింతలు కొడుతుంటే, ఆమె మొహం చాటు చేసుకుని హోంవర్కు పుస్తకాల కట్ట సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఆగు మామయ్య అనే పేరు ఆ పిల్లలు పెట్టిందే. ఇప్పటి పిల్లలు కాదు, వాళ్ల అన్నల కాలంలో పెట్టింది. ఆయన ఆ కూడలిలో పంతొమ్మిదేళ్లుగా నిలబడుతున్నాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. తెల్ల చేతితొడుగులు రెండు జతలున్నాయి. వాటిని తనే ఉతికి, తనే ఇస్త్రీ చేసుకుంటాడు, ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. ఆ చెయ్యి లేచిందంటే లారీలు బుసకొట్టి ఆగేవి. ఆరేళ్ల కిందట కూడలిలో ఎర్ర దీపాలూ పచ్చ దీపాలూ పెట్టారు కానీ, జనం ఎర్ర దీపం చూశాక కూడా ఒకసారి ఆయన వంక చూసి, ఆయన అవునంటేనే నమ్మేవారు. ఇంట్లో ఆ చెయ్యి కూరల సంచీ మోయడానికి కూడా పెద్దగా ఒప్పుకునేది కాదు. "ఇది ప్రభుత్వానిది," అనేవాడు.

అలాంటి చేతికి నొప్పి మొదలై మూడు వారాలైంది. బొటనవేలి మొదట్లో పట్టుకుని, మణికట్టు మీదుగా మోచేతి వైపు పాకేది. కుళాయి తిప్పితే నొప్పి, బొత్తాం పెట్టుకుంటే నొప్పి, టీ గ్లాసు ఎత్తితే ప్రాణం పోయినంత పని. మొదటి వారం ఎవరికీ చెప్పలేదు. రెండో వారం అందరికీ చెప్పాడు. మూడో వారానికి ఆ నొప్పి ఆయనకి కొంచెం గర్వకారణం కూడా అయింది.

"పంతొమ్మిదేళ్లు! ఎన్నిసార్లు ఎత్తి ఉంటానంటావు ఈ చెయ్యి? నువ్వు లెక్కల టీచరువి కదా, వెయ్యి లెక్క," అన్నాడు ఆ సాయంత్రం, చేతిని దిండు మీద పడుకోబెట్టి.

లెక్క అంటే ఆమె నోరు ఆగదు. "రోజుకి రెండువేల సార్లు అనుకుందాం. సెలవులు పోను ఏడాదికి రెండువందల తొంభై రోజులు. పంతొమ్మిదేళ్లకి కోటీ పదిలక్షల ఇరవై వేలు."

"కోటా!" ఆయన లేచి కూర్చున్నాడు. నొప్పి ఒక్క క్షణం మర్చిపోయాడు. "కోటిసార్లు ఎత్తిన చెయ్యే ఇది!"

మర్నాటికి కూడలి మొత్తానికి ఈ కోటి సంగతి తెలిసిపోయింది. టీ కొట్టావిడ ఆయన గ్లాసు రెండు చేతులతో అందించింది. ఆయన ఏకంగా ఇన్‌స్పెక్టరు గారికి ఒక వినతిపత్రం కూడా రాసుకున్నాడు, విధి నిర్వహణలో భాగంగా కోటిసార్లు ఎత్తుటచేత నా కుడిచేయి దెబ్బతిన్నదని. ఎడమచేత్తో రాయడం వల్ల అది చూసినవాళ్లకి ఇంకా జాలేసేలా ఉంది. ఇన్‌స్పెక్టరు చదివి, "పనివల్లే వచ్చిందని ఆస్పత్రివాళ్లు రాసిస్తే పైకి పంపిస్తానయ్యా. కోటి అంటే మాటలా!" అన్నాడు.

ఇంట్లో వైద్యం మాత్రం అత్తగారి చేతిలో ఉంది. లెక్కల టీచరు తల్లి వాళ్లతోనే ఉంటుంది. ఆమెకి లోకంలో ఏ నొప్పికైనా ఒకటే మందు, వేణ్ణీళ్ల కాపడం. పొద్దున, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు, సాయంత్రం గిన్నెడు సలసల కాగే నీళ్లూ ఒక దళసరి తువ్వాలూ అల్లుడి ముందు పెట్టేది. "గట్టిగా పిండండి అల్లుడుగారూ. చుక్క మిగిలిందంటే వాతం చేస్తుంది," అని పక్కనే నిలబడి చూసేది. ఆయన పళ్లు బిగబట్టి పిండేవాడు. తోటి కానిస్టేబులు ఒకాయన చేతికి బలం తగ్గి ఉంటుందని రబ్బరు బంతి ఇచ్చాడు. దాన్ని రోజుకి రెండువందల సార్లు నొక్కాలట. అదీ నొక్కేవాడు.

శనివారం ఆమె సెలవు పెట్టి ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే దీపానికి అడ్డం పెట్టి చూసి, "ఎముక బంగారంలా ఉంది," అన్నాడు. ఆగు మామయ్య మొహం చిన్నబోయింది. "సరిగ్గా చూశారా సార్? కోటిసార్లు..." అంటుండగానే డాక్టరు చీటీ రాసి, చివరి గదిలో ఉన్న ఫిజియో అమ్మాయి దగ్గరికి పంపేశాడు.

ఆ అమ్మాయి సన్నగా, చలాకీగా ఉంది. చెప్పిందంతా ఓపిగ్గా వింది. తర్వాత లేచి నిలబడి, "నేను లారీని అనుకోండి సార్. ఆపండి," అంది.

ఆయన నిటారుగా నిలబడి చెయ్యెత్తాడు. ఫిజియో అమ్మాయి నిజంగానే ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇప్పుడు నొప్పి ఉందా?"

ఆయన ఆలోచించాడు. "ఇప్పుడు... అంత లేదమ్మా. కాసేపటికి వాలిపోతుంది."

"సరే. బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించండి. ఇప్పుడు పిడికిలిని ఇలా చిటికెనవేలి వైపు వంచుతాను..."

ఆయన వేసిన కేకకి వరండాలో కూర్చున్న రోగులు ముగ్గురు లేచి వెళ్లిపోయారు.

"దొరికింది," అంది ఫిజియో అమ్మాయి తృప్తిగా. "నరం కాదు, ఎముక కాదు. బొటనవేలిని లాగే తాడు లాంటిది ఒకటి ఇక్కడ సన్నటి గొట్టంలోంచి వెళ్తుంది. అది వాచింది. చెయ్యి ఎత్తి ఆపడంలో దీనికి పెద్ద పనేం లేదు సార్. దేన్నో గట్టిగా పట్టుకుని మెలిపెడుతున్నారు. ఏంటది?"

"నేనా? ఏమీ లేదే," అన్నాడు ఆగు మామయ్య. లెక్కల టీచరుకి ఆ 'ఏమీ లేదే' కొంచెం తొందరగా వచ్చినట్టు అనిపించింది. తరగతిలో కాపీ కొట్టినవాళ్లు కూడా సరిగ్గా అంత తొందరగానే అంటారు.

"అయితే పది రోజులు ఒక పని చెయ్యండి. ఈ చెయ్యి పొద్దున్నుంచి ఏమేం చేస్తుందో, ఎప్పుడెంత నొప్పి ఉంటుందో అంతా రాయండి. మీరు వద్దు, మేడమ్ రాస్తారు."

మేడమ్ ఇంటికి వచ్చి చార్టు కాగితం మీద స్కేలు పెట్టి గళ్లు గీసి వంటింటి గోడకి అతికించింది. వేళ, పని, నొప్పి పదికి ఎన్ని అని మూడు వరసలు.

"ఇప్పుడెంత ఉంది?"

"పన్నెండు."

"పదికేనండీ."

"మరి అంతకంటే ఎక్కువుంటే ఏం చెయ్యమంటావు?"

రెండు రోజులు రాసేసరికే సగం దొంగలు దొరికిపోయారు. కాపడం పెట్టుకున్న ప్రతిసారీ నొప్పి రెండు మార్కులు పెరుగుతోంది. పూటకి ఐదుసార్లు, రోజుకి పదిహేనుసార్లు ఆ దళసరి తువ్వాలుని వాచిన చేత్తోనే పిండుతున్నాడు మరి. బంతి నొక్కాక ఇంకో మార్కు. ఆమె బంతిని బీరువాలో పెట్టి తాళం వేసి, తల్లి దగ్గర వేణ్ణీళ్ల గిన్నె లాక్కుంది.

"నా కాపడం వల్ల నొప్పా?" అంది ముసలావిడ, గుండె మీద చెయ్యి వేసుకుని. "మీ నాన్నకి ముప్ఫయ్యేళ్లు పెట్టాను!"

"నువ్వే పిండి పెట్టావమ్మా ఆయనకి. ఈయన చేత పిండిస్తున్నావు."

ముసలావిడ కూతురితో మాట్లాడటం మానేసింది. గోడ మీది చార్టు వైపు కూడా చూడలేదు.

నొప్పి ఎనిమిది నుంచి ఐదుకి దిగింది. హమ్మయ్య అనుకునేలోపు బుధవారం సాయంత్రం ఒక్కసారిగా తొమ్మిదికి ఎగబాకింది. గురువారం డ్యూటీ అయ్యాక ఆరు. శుక్రవారం నాలుగు. శనివారం మూడు. ఆదివారం ఆయనకి సెలవు, పొద్దుటి నుంచి కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి మళ్లీ తొమ్మిది! లెక్కల టీచరు ఎర్ర పెన్సిలుతో గీత గీసి చూసింది. కొండలు రెండు. మిగతా డ్యూటీ రోజులన్నీ లోయల్లో ఉన్నాయి.

"మీ కోటికీ దీనికీ ఏ సంబంధం లేదండీ," అంది.

ఆయన నొచ్చుకున్నాడు. పంతొమ్మిదేళ్ల సర్వీసుని ఎవరో నిర్దోషిగా వదిలేస్తే అంత బాధపడిన మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

"బుధవారం, ఆదివారం, ఐదు నుంచి ఆరున్నర దాకా ఇక్కడ ఖాళీగా ఉంది. ఏం చేస్తున్నారు ఆ టైములో?"

"వాకింగ్."

"చేతుల మీదా?"

ఆయన ఈలని తుడుచుకుంటూ బాల్కనీలోకి వెళ్లిపోయాడు. ఆమె మాత్రం వదల్లేదు. ఉతకడానికి వేసిన ప్యాంటు తీసి చూసింది. కుడి మోకాలు దగ్గర చిరిగింది. బూటు ముందు భాగం గీకేసి ఉంది. అన్నం తింటున్నప్పుడు అరచెయ్యి చూసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొత్తగా కాయ కాసింది.

"పేకాటేనే," అంది తల్లి. కుతూహలం కోపాన్ని జయించడంతో మాటలు కలిపేసింది. "బొటనవేలితోనే కదా ముక్కలు పంచేది!"

"పేకాడితే మోకాలు చిరుగుతుందా అమ్మా?"

"ఓడిపోతే కాళ్లు పట్టుకుంటారేమో."

తర్వాతి బుధవారం సాయంత్రం ఆమె స్కూలు నుంచి తిన్నగా ఇంటికి రాలేదు. కూడలిలో దిగి, టీ కొట్టు చాటున నిలబడింది. ఐదు కొట్టగానే ఆగు మామయ్య యూనిఫాం మీద మామూలు చొక్కా వేసుకుని, ఎదురుగా ఉన్న బ్యాటరీల దుకాణంలో దూరాడు. దుకాణం యజమాని ఆయనకి పాత స్నేహితుడు. ఇద్దరూ వెనక తలుపులోంచి బయటికొచ్చి, బజారు వెనకున్న ఖాళీ గిడ్డంగి వైపు నడిచారు. బ్యాటరీలాయన ఒక పాత స్కూటరు నెట్టుకుంటూ వస్తున్నాడు.

ఆమె గిడ్డంగి గేటు దగ్గరికి చేరేసరికి లోపల సంగతి అంతా కళ్లముందు ఉంది. విశాలమైన సిమెంటు ఆవరణలో నాలుగు ఖాళీ డ్రమ్ములు నిలబెట్టి ఉన్నాయి. వాటి చుట్టూ ఆమె భర్త స్కూటరు మీద తిరుగుతున్నాడు. నెత్తిన రెండు తలలు పట్టేంత హెల్మెటు. మోచేతులు రెక్కల్లా పైకి లేచాయి. యుద్ధానికి వెళ్తున్నవాడిలా దవడలు బిగుసుకుపోయాయి. హ్యాండిలుని చూస్తే, దాన్ని ఎవరో లాక్కుపోతుంటే ప్రాణాలకు తెగించి పట్టుకున్నట్టుంది. వెనక బ్యాటరీలాయన రొప్పుతూ పరిగెడుతున్నాడు.

"వదులుగా పట్టుకో బావా! వదులుగా! అది పారిపోదు!"

"వదిలితే నేను పోతాను రా!"

స్కూటరు డ్రమ్ముల మలుపు తిరిగి తిన్నగా గేటు వైపే వచ్చింది. లెక్కల టీచరుకి ఏం చెయ్యాలో తోచలేదు. తనకి తెలియకుండానే చెయ్యి పైకెత్తింది, అరచెయ్యి ముందుకి పెట్టి, వేళ్లు నిటారుగా.

ఆగు మామయ్య ఆ చెయ్యి చూశాడు. దాని వెనక భార్య మొహం చూశాడు. ఆగాలని గట్టిగా అనుకున్నాడు కానీ, దేనితో ఆగాలో ఆ క్షణంలో గుర్తు రాలేదు. స్కూటరు పక్కకి తిరిగి గోనెసంచుల గుట్టలోకి వెళ్లిపోయింది.

దెబ్బలేమీ తగల్లేదు. సంచుల మధ్య కూర్చుని హెల్మెటు తీసి, "ఎప్పుడొచ్చావు?" అని అడిగాడు, తను ఇంట్లో పడక్కుర్చీలో ఉన్నట్టు.

"మీకు స్కూటరు రాదా?" అంది ఆమె.

పెళ్లై ఇరవయ్యేళ్లు. బండి ఎందుకు కొనరని అడిగినప్పుడల్లా ఆయన ఒకటే చెప్పేవాడు: రోజంతా బళ్ల మధ్య ఉండేవాణ్ణి, ఇంటికొచ్చాక వాటి మొహం చూడబుద్ధి కాదని. ఆమె అది నిజమని నమ్మింది. స్టాఫ్ రూములో గొప్పగా కూడా చెప్పుకుంది.

"చిన్నప్పుడు ఒకసారి పడ్డాను. మళ్లీ ఎక్కలేదు," అన్నాడు ఆయన నేల చూపులు చూస్తూ. "ఇప్పుడేమో కొత్త ఆర్డరు వచ్చింది. కూడలిలో పనిచేసేవాళ్లందరికీ గస్తీకి స్కూటర్లు ఇస్తారట. మూడు నెలల్లో లైసెన్సు చూపించాలట."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? రోజూ వందమందిని లైసెన్సు తియ్యమంటాను."

"మీదేదని ఎవరూ అడగలేదా?"

"పోలీసుని ఎవరడుగుతారు? ఆ ధైర్యంతోనే బతికేస్తున్నాను."

బ్యాటరీలాయన ఈలోగా గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంటున్నాడు. "నెలన్నర నుంచి పరిగెడుతున్నాను అక్కయ్యా," అన్నాడు దీనంగా. "ఆయనకి చెయ్యి నొప్పి, నాకు మోకాళ్లు."

ఆమెకి కోపం రావాల్సింది. నోరు తెరిచింది కూడా. కానీ ఆయన జుట్టులో గోనెసంచి పీచు ఇరుక్కుని ఉంది. చెయ్యేమో ఒళ్లో మళ్లీ వాలిపోయి, ఎవరినో రమ్మని పిలుస్తోంది. ఆమె నవ్వు ఆపుకోలేక గేటు పట్టుకుంది.

మర్నాడు ఫిజియో అమ్మాయి చార్టు అంతా చదివింది. అంత చక్కగా గీసిన పట్టిక ఈ గదిలోకి ఇంతవరకూ రాలేదంది. తర్వాత తువ్వాలు గుండ్రంగా చుట్టి ఆయన చేతికిచ్చింది. "స్కూటరు ఎలా పట్టుకుంటారో చూపించండి."

ఆయన పట్టుకున్నాడు. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. మణికట్టు చిటికెనవేలి వైపు మెలితిరిగింది.

"ఇదే," అంది అమ్మాయి. "సరిగ్గా ఇదే. అదిసరే, కళ్లెందుకు మూసుకున్నారు?"

"మలుపు దగ్గర మూసుకుంటానమ్మా."

లెక్కల టీచరు కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇన్నాళ్లూ తను నొప్పి గురించి మాత్రమే భయపడింది.

మూడు వారాలు బొటనవేలితో సహా బిగించి ఉంచే పట్టీ, పిండటాలు లేవు, నొక్కడాలు లేవు, పట్టీ తీశాక హ్యాండిలుని కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోవాలి, కళ్లు తెరిచి. ఫిజియో అమ్మాయి ఇవన్నీ రాసి, కింద కారణం అన్న చోట పెన్ను ఆపింది. ఆగు మామయ్య ముందుకి వంగాడు.

"డ్యూటీ వల్ల అని రాయకూడదా అమ్మా? కొంచెం?"

"కుదరదు సార్. స్కూటరు నేర్చుకోవడం వల్ల."

ఆ చీటీ జేబులో పెట్టుకుని ఆయన రెండు రోజులు తిరిగాడు. మూడో రోజు భార్య గుమ్మం దాకా వచ్చి, "ఇచ్చేయండి. పోయేది పరువే, చెయ్యి కాదు," అంది. ఇన్‌స్పెక్టరు చీటీ చదివాడు. మళ్లీ చదివాడు. కళ్లజోడు తీశాడు.

"మరి పోయినేడాది హెల్మెట్ల ర్యాలీలో నువ్వు బండి మీదే ఉన్నావు కదయ్యా?"

"వెనక సీట్లో ఉన్నాను సార్. జెండా పట్టుకుని."

ఇన్‌స్పెక్టరు కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆయన భుజాలు చాలాసేపు కదిలాయి. తిరిగి మొహం ఇటు పెట్టేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. "ఎడమచేత్తో కానివ్వు ప్రస్తుతానికి," అన్నాడు. "లైసెన్సు గడువు ఇంకో రెండు నెలలు పొడిగిస్తాను. ఈ సంగతి ఈ గది దాటదు." సాయంత్రానికి స్టేషను మొత్తానికి తెలిసింది. కానీ నవ్వినవాళ్లలో ఇద్దరు మర్నాడు విడివిడిగా ఆయన దగ్గరికి వచ్చి, ఆ బ్యాటరీలాయన ఇంకెవరికైనా నేర్పిస్తాడా అని గొంతు తగ్గించి అడిగారు.

కూడలి జనానికి ఎడమచెయ్యి అలవాటు కావడానికి వారం పట్టింది. నీళ్ల ట్యాంకరు డ్రైవరైతే చాలా దూరంలోనే బండి ఆపి, దిగి నడిచొచ్చి, "సార్, ఇది ఆగమనా, రమ్మనా? ఒక్కసారి నోటితో చెప్పండి," అని కనుక్కుని వెళ్లేవాడు.

పట్టీ తీసేనాటికి చార్టులో అంకెలు ఒకటికీ సున్నాకీ మధ్య ఆడుతున్నాయి. లైసెన్సు పరీక్ష మొదటిసారి పోయింది. బండితో చుట్టాల్సిన ఎనిమిది అంకె మధ్యలో ఉండగా ఎదురుగా ఇంకో అభ్యర్థి అడ్డం వచ్చాడట. ఈయన అలవాటు కొద్దీ హ్యాండిలు రెండు చేతులా వదిలేసి, ఒక చేత్తో అతన్ని ఆపి, రెండో చేత్తో వెనకవాణ్ణి రమ్మన్నాడట. రెండోసారి నెగ్గాడు. ఇంటికొచ్చి లైసెన్సుని అత్తగారికి చూపిస్తే, ఆమె ఫోటోని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ మొదట్లో పెట్టిన కాపడమే పనిచేసింది బాబూ, లోపల్లోపల," అంది. ఎవరూ ఎదురు చెప్పలేదు.

గస్తీ స్కూటర్లు ఆ ఏడాది రాలేదు. కానీ ఆయన బ్యాటరీలాయన పాత స్కూటరునే కొనేసి, రోజూ భార్యని స్కూలు దగ్గర దింపడం మొదలుపెట్టాడు. బాగానే నడిపేవాడు, కళ్లు తెరిచే ఉంచేవాడు. మలుపు వచ్చినప్పుడు మాత్రం "పట్టుకో!" అని అరిచేవాడు. ఆమె వెనక కమ్మీని పట్టుకునేది, రెండు చేతులా, పిడికిళ్లు బిగించి.

నెల తిరిగేసరికి నల్లబల్ల తుడుస్తుంటే ఆమె కుడి బొటనవేలి మొదట్లో కలుక్కుమంది. ఈసారి చార్టు గీయాల్సిన పని లేకపోయింది. ఆ ఆదివారమే గిడ్డంగికి వెళ్లి, బ్యాటరీలాయన పెద్దగా పరిగెత్తాల్సిన అవసరం లేకుండానే ఎనిమిది రోజుల్లో స్కూటరు నేర్చేసుకుంది.

ఇప్పుడు ఆమె నడుపుతుంది, ఆయన వెనక కూర్చుంటాడు. చేతులు రెండూ ఖాళీ కాబట్టి దారి పొడవునా ఎడమవాళ్లని ఆపుతూ, కుడివాళ్లని పంపిస్తూ ఉంటాడు.

"మీరు కాస్త ఊరుకుంటారా?" అంటుంది ఆమె.

"నువ్వు ముందు చూసి నడుపు," అంటాడు ఆయన. "వెనక సంగతి నేను చూసుకుంటాను."